నాలుగో నంబరు కవిత

సారపాకలో మా కవిత్వ సమావేశాలు ఒక దర్జీ దుకాణంలో జరిగేవి. కాగితం మిల్లు వైపు వెళ్ళే రోడ్డు మీద, టీ కొట్టు పక్కన. ప్రతి నెలా రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి. కొలతలతో చెప్పడం నాకు అలవాటు కాబట్టి చెబుతున్నాను: దుకాణం పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల లోతు. రెండు కుట్టు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడ వారగా ఒక బెంచీ, టీ కొట్టు నుంచి తెచ్చుకునే అయిదు స్టూళ్ళు. వెనక గోడ ఉండాల్సిన చోట ఆకుపచ్చ పరదా. పరదా వెనక దర్జీ ఇల్లు. ఇల్లంటే ఒక గది, వంటకు కాస్త చోటు. వెదురు లారీలు పోతున్నప్పుడు దుకాణం రేకులు అదిరేవి. లారీ దాటే దాకా చదవడం ఆపి, మళ్ళీ ఆ పాదం మొదటి నుంచి అందుకునేవాళ్ళం.

నేను తల్లాడ వైపు వాణ్ణి. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేసి, రెండు వేల నాలుగు ప్రాంతంలో మిల్లులో కాంట్రాక్టు టెక్నీషియన్‌గా చేరాను. గేజీలు సరిచూడటం, రీడింగులు రాసుకోవడం నా పని. కవిత్వం రాయడం నాకు పెద్దగా రాలేదు. రాసేవాళ్ళ మధ్య కూర్చోవడం మాత్రం బాగుండేది. చేరిన రెండు మూడు నెలల్లోనే సమావేశాల నోటుబుక్కు నా చేతికి వచ్చింది. ఎవరు వచ్చారు, ఏం చదివారు, ఎవరు ఏమన్నారు, అన్నీ గీతలు కొట్టి గళ్ళలో రాసేవాణ్ణి.

వచ్చేది ఎనిమిది తొమ్మిది మంది. అందులో ముగ్గురి గురించి చెబితే చాలు. ఒకరు హైస్కూల్లో తెలుగు చెప్పే సారు. ఇంకొకరు మిల్లులో షిఫ్టు ఇన్‌చార్జి. మూడో మనిషి దవాఖానాలో నర్సు. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది, మేమంతా సిస్టరమ్మ అనేవాళ్ళం. దుకాణం యజమానిని ఊరంతా పిలిచినట్టే మేమూ చాచా అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివాడు. ఎవరైనా కవిత మొదలుపెట్టగానే మిషన్ తొక్కడం ఆపి, రెండు చేతులూ గుడ్డ మీద పెట్టుకుని వినేవాడు. నువ్వూ ఒకటి రాయి చాచా అంటే, "నాకు రాసుడు రాదు. ఇనుడొస్తది. ఇనేటోడు ఒక్కడన్న ఉండాలె గదా" అని నవ్వేవాడు.

వినేవాళ్ళు నిజానికి ఇద్దరు. ఆయన భార్య, మా చాచీ, మొదట్లో పరదా పక్కన గడప మీద కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతూ వినేది. ఆమెకు తెలుగు చదవడం రాదు, చెవితో మాత్రం ఏదీ పోనిచ్చేది కాదు. కవిత నచ్చితే "వహ్" అనేది, అంతే. ఆ ఒక్క మాట కోసం సారు లాంటి వాడు కూడా చదవడం అయ్యాక పరదా వైపు చూసేవాడు. నేను వచ్చిన మరుసటి ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది. మాట ముద్దగా అయింది. అప్పటి నుంచి లోపల మంచం మీదే. కవిత నచ్చితే ఎడమ చేత్తో స్టీలు గ్లాసును మంచం పట్టీకేసి కొట్టేది. మేము ఆ చప్పుడుకు కూడా అలవాటు పడ్డాం.

ఇక నా నియమాల సంగతి.

షిఫ్టు ఇన్‌చార్జి ఒక రోజు కార్మికుల చెమట మీద కవిత చదివాడు. చాలా మామూలు కవిత. కానీ వచ్చిన వాళ్ళలో నలుగురు ఆయన కింద పనిచేసే కాంట్రాక్టు వాళ్ళు. "ఆహా సార్, చెమట కంపు సుత మంచిగనిపిస్తుంది సార్" అన్నాడు ఒకడు. ఇంకొకడు కళ్ళు తుడుచుకున్నాడు. వాడికి మరుసటి వారం పగటి షిఫ్టు పడింది. సిస్టరమ్మ నా పక్కకు వంగి, "నేను గూడ ఇంజెక్షన్ సూది పట్టుకొని సదివితే అందరు మంచిగుంది అంటరేమో" అంది.

ఆ వారమంతా ఆలోచించి నేను ఒక పద్ధతి తయారు చేశాను. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పేరు కప్పేసి కోడ్ నంబరు వేస్తారు కదా, అలాంటిదే. నోటుబుక్కు మొదటి పేజీలో రాశాను:

1. కవిత మీద పేరు ఉండకూడదు. నంబరు మాత్రమే.
2. ఏ నంబరు ఎవరిదో నాకొక్కడికే తెలియాలి. నేను ఎన్నటికీ చెప్పను.
3. రాసింది ఎవరో తెలిసిపోయే గుర్తు కవితలో ఉండకూడదు.
4. అన్నీ నేనే చదువుతాను, ఒకే గొంతుతో.
5. రాసినవాళ్ళు తమదని చెప్పుకోకూడదు, వెనకేసుకు రాకూడదు.

మూడో నియమం తర్వాత చేర్చింది. షిఫ్టు ఇన్‌చార్జి రెండో కవితలో బాయిలర్ అని రాస్తే, ఎవరిదో పట్టేసి మళ్ళీ అందరూ ఆహా అన్నారు. మూడో నియమం పెట్టిన నెల ఆయన కవితను మొదటిసారి గట్టిగా తిట్టారు. సోమవారం మిల్లులో నన్ను ఆపి, "ఏం ఇన్‌స్ట్రుమెంటూ, నా రీడింగ్ గంత తక్కువ సూపెట్టినవ్, కాలిబ్రేషన్ సరిగ్గ జేసినవా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పద్ధతి పనిచేస్తున్నట్టు నాకు అనిపించింది. సారు కూడా మెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ నోటుబుక్కు తిరగేస్తే ఇంకొకటి కనిపిస్తుంది. ఆ తర్వాత నెలల్లో సిస్టరమ్మ వార్డు గురించి రాయడం మానేసింది. సారు కవితల్లోంచి బడి పోయింది. మాలో లారీ నడిపే ఒకతని కవితల్లోంచి లారీ పోయింది. అందరూ వాన గురించి, వెన్నెల గురించి, గోదావరి గురించి రాస్తున్నారు. ఎవరిదో పట్టుకోవడం ఎవరి వల్లా కావడం లేదని నేను సంతోషపడ్డాను.

అలాంటి ఒక నెలలో, శనివారం సాయంత్రం, ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వెళితే చాచా నన్ను కత్తిరింపు బల్ల దగ్గరికి పిలిచాడు. పరదా వైపు ఒకసారి చూసి, బిల్లు పుస్తకంలోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"ఎవ్వరికి చెప్పకు బేటా. ఒకటి రాసిన."

"ఏంది చాచా? కవితనా?"

"కవితనో, కొలతల చీటో, నువ్వే సూడు. మీ చాచీ పోరు. అందరు రాస్తున్నరు, నువ్వొక్కనివే చెవులు పెట్టుకొని కూసుంటవ్ అంటది. నా మీద ఒకటి రాయి, పది మంది ముందట సదివించు, ఇంటా అంటది."

"నువ్వే సదివి వినిపిస్తే అయిపోతది గదా?"

"అరె, ముప్పై ఏండ్ల సంసారం. ఎదురుంగ కూసొని నీ చెయ్యి గిట్ల, నీ మొఖం గట్ల అని ఎట్ల సదువుత? శరమ్ గాదా? నువ్వయితే మిషన్ లెక్క సదువుతవ్. నీకేం ఫికర్ లేదు."

నేను నిలబడే చదివాను. ఒకటిన్నర పేజీ. అక్షరాలు పెద్దవిగా, ఒత్తులు అక్కడక్కడా తప్పుగా ఉన్నాయి. అంతా చాచీ పని గురించే. సూది, దారం, కాజాలు, ఆమె కూర్చునే తీరు, ఇప్పుడు పడుకున్న తీరు. అప్పటికి నా నోటుబుక్కులో వందకు పైగా కవితలు ఎక్కి ఉంటాయి. ఇది వాటిలో దేనిలాగానూ లేదు. ఆ సంగతి నాకు చదువుతుండగానే తెలిసింది. రెండోసారి కూడా చదివాను.

చదివాక నేను అన్న మాట ఇది:

"చాచా, మంచిగుంది. కాని మూడో రూలు ఉంది గదా. సూది, దారం, కాజాలు అంటే నీదే అని ఒక్క నిమిషంల తెల్సిపోతది. పాపం అనుకొని అందరు మంచిగుందనే అంటరు. గట్ల అనిపించుకుంటే చాచీకి ఏం బాగుంటది? అవి తీసేసి రాయి."

చాచా కాగితం వైపు చూశాడు. "తీస్తే ఏం మిగుల్తది బేటా?"

"భావం మిగుల్తది గదా చాచా. వేరే పోలికలు పెట్టు. అందరు పెట్టేటియి."

నా చదువు మీద ఆయనకు గౌరవం ఉండేది. "అవ్. రూలంటే రూలే. నా కొరకు ఒక రూలు, వేరేటోళ్ళకొక రూలు ఉండొద్దు" అని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బల్ల కింద గుడ్డ పేలికల బుట్టలో వేశాడు. నా ప్యాంటు కోసం టేపు తీశాడు.

ఆ బుట్టలోంచి ముక్కలు తీసుకోవాలని నాకు తోచలేదు.

మరుసటి ఆదివారం, సమావేశం రోజు పొద్దున, ఆయన కొత్త కాగితం ఇచ్చాడు. దానికి నాలుగో నంబరు వేశాను. నంబరు ఆయనకు చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి చాచీకి చెప్పాడని నాకు తెలుసు, ఎందుకంటే మధ్యాహ్నం నేను "నాలుగు" అనగానే పరదా వెనక గ్లాసు ఒకసారి మోగింది. ఇంకా ఒక్క పాదం కూడా చదవక ముందే.

"చాచీకి ఇయ్యాల జల్దీ ఉంది" అన్నాడు సారు. అందరూ నవ్వారు.

నేను ఒకే గొంతుతో చదివాను.

మంచాన వాలిన వెన్నెలా,
వాడిన తీగా,
ఏ గోదారి తెచ్చి నీకు నీళ్ళు పోయను?

ఇలా పద్దెనిమిది పాదాలు. చివర ఎండిన చెట్టు ఒకటి. చాచా ఎప్పటిలాగే మిషన్ ఆపి కూర్చున్నాడు. చదవడం అయ్యాక గ్లాసు మోగలేదు.

సారు మొదలుపెట్టాడు. "వెన్నెల, తీగ, చెట్టు. అన్ని ఎక్కడెక్కడివో తెచ్చి పేర్చినట్టున్నయి. ఎవరు రాసిన్రోగని, పుస్తకాలు సదివి రాసిన్రు."

"పుస్తకాలు గూడ సగమే సదివినట్టున్నరు" అన్నాడు షిఫ్టు ఇన్‌చార్జి. ఆయనకు తిట్టే వంతు దొరికి చాలా కాలమైంది.

సిస్టరమ్మ మామూలుగా మెత్తగా మాట్లాడే మనిషి. ఆ రోజు కోపంగా మాట్లాడింది. "మంచాల పడ్డ మనిషిని వెన్నెల అంటరా? నేను రోజు సూస్తున్న గిట్లాంటోళ్ళను. పక్క మీద పుండ్లు పడకుండ తిప్పాలె, నోరు తుడవాలె. ఇది రాసిన మనిషి అసొంటి మనిషి చెయ్యి ఒక్కనాడు గూడ ముట్టుకోలే. నేను రాసిస్త."

ఆవిడ చెప్పిన ప్రతి మాటా ఆ కాగితం వరకు సరైనదే. అది నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. నేను నోరు తెరవాలంటే రెండో నియమం అడ్డు, చాచా నోరు తెరవాలంటే అయిదో నియమం. వాళ్ళెవరూ చాచాను అనుమానించలేదు. మూడేళ్ళుగా ఒక్క అక్షరం రాయని మనిషి రాస్తాడని ఎవరు అనుకుంటారు? పైగా జబ్బు మనిషి మీద కవిత మాకు కొత్త కాదు, తలా ఒకటి రాసినవాళ్ళే.

చివరికి ఇంటివారిని అడగడం మా ఆనవాయితీ. సారు అటు తిరిగాడు. "చాచా, నువ్వు చెప్పు. ఎట్లుంది?"

చాచా గుడ్డ మీద ఉన్న సుద్ద గీతను వేలితో తుడుస్తున్నాడు. "అవ్ సారూ" అన్నాడు. "మీరన్నది కరెక్టే. అండ్ల మనిషి లేదు."

నేను నోటుబుక్కులో ఆ మాట కూడా రాశాను. నాలుగో నంబరు ఎదురుగా, ఇంటివారి అభిప్రాయం అనే గడిలో. నా చేతికి ఇంకో పని తోచలేదు.

అందరూ వెళ్ళాక స్టూళ్ళు టీ కొట్టులో ఇచ్చి తిరిగి వచ్చాను. "చాచా, తప్పు నాది" అన్నాను.

"నీదేముంది బేటా? కాయిదం మీద ఉన్నది ఉన్నట్టు సదివినవ్. పో, షిఫ్టుకు టైమైతది."

ఆ రోజు నాకు షిఫ్టు లేదు. ఆయనకు ఆ సంగతి తెలుసు.

తర్వాత రెండు నెలలు సమావేశాలు అక్కడే జరిగాయి. చాచా తలుపు తీశాడు, బెంచీ తుడిచాడు, చాయ్ చెప్పాడు. అన్నీ మామూలే. కాకపోతే కవిత చదువుతున్నప్పుడు మిషన్ ఆపలేదు. అడిగితే గిరాకీ ఎక్కువుంది అన్నాడు. మిషన్ చప్పుడులో నేను గొంతు పెంచి చదివాను. పరదా వెనక గ్లాసు మోగలేదు. "చాచీకి ఈ మధ్య ఏదీ నచ్చుతలేదు" అన్నారెవరో. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు.

నేను ఈ మధ్యలో చేసినవి: ఒకటి, చాచాను మళ్ళీ రాయమని అడిగాను; "అయిపోయింది తియ్యి బేటా, ఒక్కటే ఉండె నా తాన" అన్నాడు. రెండు, మూడో నియమాన్ని కొట్టేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మూడు, మొదటి కవితను గుర్తు తెచ్చుకుని రాసి పెట్టడానికి నాలుగు రోజులు కూర్చున్నాను. గేజీ మీద నిన్నటి అంకె ఇవాళ చెప్పగలను. కవిత మాత్రం రాలేదు.

ఆ తర్వాత జ్వరం వచ్చి దవాఖానాకు వెళ్ళాను. సిస్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, దూది అదిమి పట్టుకోమని చెప్పింది. అదిమి పట్టుకుని, నా రెండో నియమాన్ని నేనే తప్పాను. మొత్తం చెప్పాను.

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. "అయ్యో ప్రభువా" అంది. "ఆ చెయ్యి సబ్బు పెట్టి కడిగి తుడిసేది ఆయనే గదరా. బీపీ సూసెతందుకు పోయినప్పుడల్ల నా కండ్లతోని సూసిన. నువ్వప్పుడెందుకు నోరు మూసుకొని కూసున్నవ్?"

"రూలు అక్కా."

"నీ రూలు మీద మన్నువడ."

మరుసటి రెండో ఆదివారం నేను వెళ్ళేసరికి వాళ్ళు ముందే వచ్చి ఉన్నారు. సిస్టరమ్మ బత్తాయిలు తెచ్చింది. ఆవిడ సారుకు చెప్పింది, సారు ఇన్‌చార్జికి చెప్పాడు. అంటే నియమం ఒక్క చోట పగిలితే ఎంత దూరం కారాలో అంత దూరం కారింది. సారు నన్ను చూసి, "తమ్మీ, నాలుగో నంబరు మళ్ళొకసారి సదువు. ఆనాడు మేము సరిగ్గ ఇనలే" అన్నాడు.

చాచా నా వైపు చూశాడు. నేను చెప్పేశానని ఆయనకు అప్పుడే అర్థమైంది. నేను చదవనని అనగలిగేవాణ్ణే. కానీ అందరూ చూస్తున్నారు, కాగితం నోటుబుక్కులోనే ఉంది. చదివాను. అదే వెన్నెల, అదే తీగ, అదే చెట్టు.

"ఎంత లోతుంది!" అన్నాడు సారు. "ఏ గోదారి తెచ్చి నీకు నీళ్ళు పోయను... ఆ ఒక్క పాదం చాలు."

"తీగ అనుడే గొప్ప. మామూలోళ్ళకు రాదు" అన్నాడు ఇన్‌చార్జి. ఇంకో ఇద్దరు చప్పట్లు కొట్టారు. సిస్టరమ్మ మాత్రం బత్తాయిల సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చాచా నవ్వాడు. ఎగతాళిగా కాదు, గిరాకీదారుడు కొలత తప్పు చెబితే నవ్వినట్టు. "సారూ, అక్షరం మారలే. ఆనాడు అండ్ల లేని మనిషి ఇయ్యాల ఎక్కడికెల్లొచ్చింది?"

ఎవరి మాటలూ అబద్ధం కావని, వాళ్ళు ఆయన మీద ప్రేమతోనే వచ్చారని ఆయనకూ తెలుసు. అందుకే, "చాయ్ తాగున్రి, చల్లగైతది" అన్నాడు.

అప్పుడు పరదా వెనక నుంచి చాచీ పిలిచింది. మాట ముద్దగా వచ్చినా అది నా కోసమే అని తెలిసింది. చాచా తల ఊపాడు. లోపలికి వెళ్ళాను. అన్నేళ్ళలో నేను ఆ పరదా దాటడం అదే మొదటిసారి. మంచం, ఒక బీరువా, మందుల సీసాలు పెట్టిన కిటికీ. ఆమె కుడి చెయ్యి ఉతికిన దుప్పటి మీద సర్ది పెట్టి ఉంది. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి.

"అది గాదు" అంది ఆమె. ఒక్కో మాటకూ ఆగుతోంది. "మొదలు... రాసింది. సూదిది. సూది మీద రాసిన... అన్నడు. నువ్వు సదివిందాంట్ల... సూది లేదు."

"అది లేదు చాచీ. చింపేసిండు."

"నువ్వు... సదివినవంట గదా. చెప్పు."

నేను చెప్పడానికి ప్రయత్నించాను. గుర్తున్నవి వరసగా చెప్పాను. దారం కొసను పెదవుల మధ్య తడిపి సన్నగా చేయడం ఉంది అన్నాను. బడులు తెరిచే ముందు, రోజుకు ఇన్ని కాజాలని పందెం వేయడం ఉంది. కుట్టాక దారాన్ని కత్తెర పక్కనే ఉన్నా పళ్ళతోనే కొరకడం, ఆయన కోప్పడటం. గుండీల డబ్బాలో ఒక దానికొకటి జత కాని గుండీలను ఎన్నడూ పారేయకపోవడం. చివర ఆ చెయ్యి గురించి, కత్తిరించి పెట్టి ఇంకా చొక్కాకు అతకని చెయ్యి లాగా ఉందని ఏదో పోలిక. మొత్తం అయిదు.

ఆమె కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. నేను ఆగాక కూడా అలాగే చూసింది.

"గంతేనా?"

"ఇంకా ఉండె చాచీ. మాటలు యాదికి వస్తలేవు. ఏమేం ఉన్నయో యాదున్నది గని, ఆయన ఎట్ల చెప్పిండో యాదికి లేదు."

ఆమె ఇంకా ఎదురుచూసింది. నేను చదివింది రెండే సార్లు అని, అప్పుడు ప్రతి లైనులో దర్జీ గుర్తులు ఎక్కడున్నాయో వెతుకుతూ చదివానని ఎలా చెప్పాలో తెలియక నిలబడ్డాను. పరదా అవతల సారు తీగ అనే పోలిక గురించి ఇంకా వివరిస్తున్నాడు.

చాచా నీళ్ళ గ్లాసు, మాత్ర పట్టుకుని వచ్చాడు. "జర జరుగు బేటా. మందేసే టైమైంది" అన్నాడు. ఆమె తల కింద చెయ్యి పెట్టి లేపాడు. ఆ గదిలో ముగ్గురు నిలబడే చోటు లేదు. నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను.